గాలి ఎటుందో

సుత్తి దెబ్బ పడకముందే
గోడకి నీళ్ళు పట్టమంది సిస్టరు.
పోలిరాజు మేస్త్రి నవ్వాడు:
"కట్టేటప్పుడు తడుపుతాం గానీ
కూల్చేదానికి తడేంటమ్మా?"

రామచంద్రపురం ఆసుపత్రిలో
పాత పురుళ్ళ వార్డు గోడ అది.
ఎన్ని వానాకాలాల చెమ్మ తాగిందో,
మోకాలెత్తు దాకా సున్నం ఉబ్బి, పెచ్చులూడి,
వెనక ఇటుకల మీద నల్లటి బూజు
కుండ అడుగు మసిలా పట్టేసుంది.

దానికి అటుపక్కే
నెలలు నిండకుండా పుట్టినోళ్ళు పదకొండు మంది,
అద్దాల పెట్టెల్లో,
అరచేతిలో ఇమిడే వీపులతో.

"ఈ బూజు పొడి కంటికి ఆనదు," అంది సువార్త సిస్టరు.
"నీకూ నాకూ ఒక తుమ్ముతో పోద్ది.
వాళ్ళకైతే ఊపిరితిత్తుల్లో మొలకెత్తుద్ది."

నా చేతిలో తట్ట ఆగింది.
మొలక అంటే మంచి మాటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
నారు పోసే రోజు తెల్లారగట్ల
తడి గోనెసంచి విప్పి
లోపల వెచ్చగా ఉందో లేదో
చెయ్యి పెట్టి చూసే మాట అది.

కప్పు నుంచి నేల దాకా దళసరి పట్టా దించారు.
అంచులన్నిటికీ టేపు,
మధ్యలో జిప్పు, పెళ్ళివారి పెట్టెకున్నట్టు.
రబ్బీసంతా మూత కట్టిన తట్టల్లో
వెనక మెట్ల మీంచే దిగాలి.
గుమ్మంలో జిగురు చాప మీద
కాళ్ళు అద్దుకుని మరీ బయటికి రావాలి.
చీపురు ముట్టుకోకూడదు.
"ఊడిస్తే లేస్తుంది, తడిగుడ్డ పెట్టు."
పాతికేళ్ళు చీపురుతో బతికినదాన్ని,
ఖాళీ కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో
మొదటి రోజంతా తెలీలేదు.

కిటికీకి పెద్ద ఫ్యాను బిగించి
మా గాలిని జల్లెడ పట్టి
ఎవరూ తిరగని వెనక దొడ్లోకి తోయించింది.
జిప్పు పక్కన చిన్న సందు వదిలి
కట్టుగుడ్డ పీలిక ఒకటి వేలాడదీసింది.
"ఇది మీ వైపు ఊగుతున్నంతసేపూ పని చేసుకోండి.
అటు తిరిగిందా, ఆపెయ్యండి."

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు.
నాకు రెండోసారి చెప్పక్కర్లేకపోయింది.
కళ్ళంలో ముక్కాలిపీట ఎక్కి
చేట ఎత్తేముందు మా అమ్మ
గుప్పెడు పొల్లు వదిలి చూసేది
గాలి ఎటుందో.
తప్పు వైపు నిలబడ్డ రోజు
ఊకంతా మా కళ్ళలోనే.

నాలుగో రోజు మజ్జాన్నం కరెంటు పోయింది.
వార్డుకి జనరేటరు ఉంది.
మా ఫ్యానుకి లేదు.
సగం కదిలిన ఇటుక, మేస్త్రి చెవిలో కంట్రాక్టరు ఫోను,
శుక్రవారానికి రంగు పడాలంట.
పీలిక నిటారుగా వేలాడింది,
ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు.
తర్వాత మెల్లగా
పిల్లల వైపు మొగ్గింది.

"ఆపండి" అన్నాను.
సుత్తి ఆగలేదు.
బకెట్టెత్తి గుమ్మరించాను.
గోడా తడిసింది, మేస్త్రి చొక్కా తడిసింది,
జేబులో బీడీ కట్ట కూడా.
తిట్టాడు. మా పుట్టింటోళ్ళని కూడా వదల్లేదు.
నలభై నిమిషాలు ఆ మసక చీకట్లో
తడి ఇటుకల వాసన పీలుస్తూ
ఇద్దరం ఎడమొహం పెడమొహం.
మధ్యలో ఒకసారి మాత్రం
అతనూ పీలిక వంక చూడటం చూశాను.
ఆ రోజు సగం కూలే ముట్టింది.

పని అయ్యాక పట్టాని కూడా
తడిగుడ్డతో తుడిచి, మురికి లోపలికి మడిచి,
పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుకెళ్ళాం.

ప్రారంభానికి మమ్మల్ని పిలవలేదు,
పిలుస్తారని ఎవరనుకున్నారు గనక.

సిస్టరే వెతుక్కుంటూ వచ్చింది,
గేటు ఎదర టీ కొట్టుకి.
తొమ్మిది మంది ఇళ్ళకెళ్ళారంట.
ఒక బాబు ఇంకా పెట్టెలోనే, బరువు పెరుగుతున్నాడంట.
ఒక పాప దక్కలేదంట.
"పుట్టుకతోనే గుండెకి చిల్లు.
మన దుమ్ము కాదు" అంది,
మన అన్న మాట కాస్త ఒత్తి.

నేనేమీ అడగలేదు.
అడగాలనే మూడు రోజులుగా
మా వీధిలో కొట్టు మానేసి
ఇక్కడ టీ తాగుతున్నాను.